మరచెంబు

వానల్లేని ఆ సంవత్సరం ఆఖరి రోజున ఆత్మకూరులో ఉదయగిరి బస్సెక్కాను. సీట్లు ఖాళీగానే ఉన్నా ఒకామె కింద కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో కాళ్లు కట్టేసిన కోడి. చర్చిలో కృతజ్ఞత కానుకకట.

నా పక్కనున్న మోతుబరి రైతు నవ్వాడు. "బిడ్డను పూడ్చి నెల కాలేదంటివి. మీ దేవుడు ఏం చేసినాడని ఇస్తుండావే?"

"పోయేముందు నీళ్లడిగింది సామీ. ఊరి బావికాడికి పోతే తరిమినారు. అప్పుడే నాలుగు చినుకులు రాలినాయి. దోసిట్లో పట్టి తాపినాను. ఆ చినుకులకే ఈ కోడి. వచ్చే యేడూ ఆయనే చూస్తాడు."

ఎండిపోయిన ఆమె పెదాలను చూసి కూడా, ఆ పెద్దమనిషి తన మంచినీళ్ల మరచెంబు మూత ఇంకాస్త బిగించుకున్నాడు.