హనుమంతును బయటికి పంపిన ఆట

పిల్లలూ, పందొమ్మిది వందల యాభై ఆరులో ఆదోని ఆడపిల్లల బడికి డ్రిల్ టీచరుగా వచ్చాను. మద్రాసులో వ్యాయామ శిక్షణ ఇచ్చినప్పుడు మాతో ఫుట్‌బాల్ నిబంధనలు కూడా బట్టీ పట్టించారు. నా గొంతు మీకు తెలుసుగా, ఫోనులో "గట్టిగా మాట్లాడవ్వా" అంటుంటారు. అప్పుడూ ఇంతే. విజిల్ అనేది ఒకటుండబట్టి నాకు జీతం దక్కింది.

ఆ ఏడు ఆదోనికీ ఎమ్మిగనూరుకీ కప్పు పోటీ పెట్టారు. రిఫరీగా రావాల్సిన మగపిల్లల బడి మాస్టారు జ్వరంతో పడుకున్నారు. నిబంధనలు తెలిసినదాన్ని ఇక నేనే. చీర కొంగు బిగించి, కాన్వాసు బూట్లతో మైదానంలోకి దిగాను. నన్ను చూసి జనం నవ్వారు. నేనైతే గంభీరంగా ఉన్నాననే అనుకున్నాను.

ఆదోని జట్టంతా పత్తి వ్యాపారుల కుర్రాళ్లు. కెప్టెన్ శేషయ్య, నేను విజిల్ వేసినప్పుడల్లా చేతులు జోడించుకుని వచ్చేవాడు. "అమ్మా, మీరు పెద్దలు. అది ఫౌల్ కాదని మాకనిపిస్తాది. మీ కండ్లు మీవి, ఏం చేస్తాం" అనేవాడు. నేను మురిసిపోయి తలూపేదాన్ని. ఎమ్మిగనూరు వాళ్లు మగ్గం నేసేవాళ్లు. వాళ్ల కెప్టెన్ హనుమంతు మాత్రం దూరం నుంచే "అక్కా! కార్నరా, గోల్ కిక్కా?" అని అరిచేవాడు.

రిఫరీ నిర్ణయాన్ని మాటతోగానీ చేష్టతోగానీ ఎదిరిస్తే హెచ్చరించాలి. అప్పుడు రంగు కార్డులు లేవు. ఆట ఆపి, పేరు రాసుకుని, నోటితో చెప్పాలి. మళ్లీ చేస్తే బయటికి పంపాలి. ఆ అరుపులు ఎదిరింపే అనుకుని హనుమంతును ఒకసారి హెచ్చరించాను. రెండో సగంలో, చెరో గోలు మీద ఉండగా, ఎమ్మిగనూరుకు ఫ్రీ కిక్ ఇచ్చాను.

"యాడ పెట్టాలక్కా బంతి?" అని ఉరిమాడు హనుమంతు.

అదిరిపడి, పొమ్మని వేలు చూపించాను. బదులుగా ఇంకొకర్ని దించే వీలు అప్పట్లో లేదు. పదిమందితో ఆడితే వాళ్లకు కప్పు పోయినట్టే.

వాళ్ల గోల్‌కీపర్ పరుగెత్తుకొచ్చాడు. "యాడ పెట్టాలని అడిగితే గూడా తప్పేనా అక్కా?" అని, అదే గొంతుతో పక్కవాడి మీద పడ్డాడు. "రేయ్, నీళ్లిట్ల తేప్పా!"

"తెస్తాండా, ఆగప్పా!" అని వాడూ అరిచాడు.

"మీలో మీరు కూడా పోట్లాడుకుంటున్నారా?" అని అడిగాను.

"పోట్లాట యాడిదక్కా! పొద్దుగాల నుంచి మగ్గాల సప్పుడులోనే ఉంటాం. మెల్లగ సెప్తే పక్కోనికి ఇనపడదు."

ఇంతలో శేషయ్య మళ్లీ చేతులు జోడించాడు. "అమ్మా, పంపినోన్ని పంపినట్టే ఉండనీండి. పాపం, ఎండకు మీకు మొదట్నుంచీ ఏమీ కనపడలేదు. మేమేమన్నా అంటిమా?"

అనకేం, అన్నాడు. మొదటి విజిల్ నుంచీ అంటూనే ఉన్నాడు. నేనే మర్యాదనుకుని తలూపుతూ వచ్చాను.

ఆట తిరిగి మొదలయ్యేలోగా రిఫరీ తన నిర్ణయం మార్చుకోవచ్చు. బంతిని ఇంకా ఎవరూ తన్నలేదు. హనుమంతును వెనక్కి పిలిచి, శేషయ్య పేరు రాసుకున్నాను.

"నన్నా?" అని శేషయ్య ఆ రోజు మొదటిసారి గొంతు పెంచాడు.

హనుమంతు ఆ ఫ్రీ కిక్‌ను గోలు పైనుంచి జనంలోకి తన్నాడు. చివర్లో ఆదోనే ఇంకో గోలు కొట్టి కప్పు పట్టుకుపోయింది. ఎమ్మిగనూరు ఓడింది పదకొండు మందితో, ఆటలో. నా విజిల్ వల్ల కాదు.

ఆటగాడు ఎంత గట్టిగా అన్నాడన్నది రిఫరీకి అనవసరం. ఏమన్నాడో అదే వినాలి.