జీపులో చెల్లె విన్న మాటలు

మొన్న వానలు మొదలైన సాయంత్రం మా మనవరాలు గచ్చు చల్లగా ఉందని మంచం పక్కన చాప పరుచుకుని పడుకోబోతుంటే, నేను అరిచిన అరుపుకు వంటింట్లోంచి కోడలు పరిగెత్తుకొచ్చింది. మూడో అంతస్తులోకి పాము ఎట్లా ఎక్కుతుంది నానమ్మా అని ఆ పిల్ల నవ్వింది. నిజమే, ఎక్కదు. అయినా ఆ పిల్ల లేచి మంచం మీద పడుకునేదాకా నేను అక్కడినుంచి కదల్లేదు. నా వయసువాళ్లకు చెబితే నవ్వరని తెలుసు, అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

మా అత్తవారి ఊరు టేకులపల్లి దాటాక అడవి అంచున ఉండేది. ఎండాకాలమంతా వాకిట్లో మంచాలు వేసుకునేవాళ్లం కానీ వానలు పడగానే ఆ మంచాలన్నీ గోడకు చేరగిలబడేవి, ఇంటిల్లిపాదీ లోపల నేల మీదే వరసగా చాపలు పరుచుకునేవాళ్లం. తలాపున వడ్ల బస్తాలు, కాళ్ల దగ్గర పత్తి గింజల సంచులు, పెంకుల సందుల్లోంచి పడే చినుకుల కింద గిన్నెలు. బస్తాల కింద ఎలుకలు తిరిగేవి, ఎలుకలున్నచోటికి మరేం వస్తుందో తెలిసీ ఎవరం దాన్ని పట్టించుకునేవాళ్లం కాదు. ఇల్లన్నాక అంతే అనుకునే రోజులవి.

మా తోటికోడల్ని నేను చెల్లె అనేదాన్ని. జూలూరుపాడు నుంచి మా మరిదికి ఇచ్చి చేశారు. గలగలా మాట్లాడే మనిషి. బావి దగ్గర ఉన్నా, చేనులో ఉన్నా ఆమె ఎక్కడుందో వెతుక్కోనవసరం ఉండేది కాదు. అప్పటికి ఆమెకు పాలు తాగే ఆడపిల్ల. 108 బండ్లు ఇంకా మా వైపుకు రాని కాలం. ఆ వానాకాలంలో ఒకరోజు తెల్లవారగానే కడుపులో నొప్పి అని మెలికలు తిరిగింది, రెండుసార్లు కక్కుకుంది. రాత్రి తిన్న చేపల కూర పడలేదనుకుని మా అత్త వాము నీళ్లు పట్టింది, ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. ఆ వాము నీళ్లు గొంతు దిగక పెదవుల చివరనుంచి కారిపోతుంటే మొదటిసారి నాకు భయం వేసింది.

"రెప్పలు లేస్తలేవక్కా. నిద్రొస్తలేదు గని రెప్పలు లేస్తలేవు" అంది, మాట ముద్దముద్దగా వస్తుండగా.

ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు, మంట లేదు. పాము మాట మా ఎవరికీ తట్టలేదు. పాము కరిస్తే కాలు ఉబ్బాలి, మనిషి కేక పెట్టాలి అనే మాకు తెలుసు. మా మరిది కిరాయి జీపు మాట్లాడుకొచ్చాడు. దగ్గర్లోని సర్కారు దవాఖానాకు చేరేసరికి ఆమె తల నిలబడటం లేదు. అక్కడి డాక్టరు కుర్రవాడే. చేతిలో స్టెతస్కోపు ఉన్నా ముందు రెప్పలే చూశాడు, చూసి, "కింద పడుకుంటదా ఈమె?" అని అడిగాడు. అవ్ సారూ అన్నాం. కట్లపాము అయ్యుంటుందన్నాడు. దాని కోరలు సూది మొనల్లా సన్నగా ఉంటాయట, నిద్రలో కరిస్తే దోమ కుట్టినంత కూడా తెలియదట, ఆ విషం కండను ఏమీ చేయకుండా ఊపిరి ఆడించే నరాలను పట్టుకుంటుందట. విషానికి విరుగుడు సెలైన్‌లో ఎక్కించాడు. ఊపిరి తగ్గిపోతుంటే గొంతులోకి గొట్టం దింపి, దానికి ఒక రబ్బరు సంచి తగిలించి, ఇది పిసుకుతూ ఉన్నంతసేపే ఊపిరి, ఖమ్మంలో మిషను ఉంది, అక్కడిదాకా చెయ్యి ఆపొద్దు అని ఒక సిస్టరమ్మను మా వెంట పంపాడు.

ఇల్లందు మీదుగా ఖమ్మం రోడ్డు అప్పట్లో ఎట్లా ఉండేదో మీలో కొందరికైనా గుర్తుండాలి. జీపు వెనక రెండు బల్లల మధ్య చెల్లెను పడుకోబెట్టాం. ఒకవైపు సిస్టరమ్మ, నేను. ఎదురుగా మా అత్త, మా మరిది. సిస్టరమ్మ చేయి నొప్పిపుట్టినప్పుడు ఆ సంచి నేను పిసికేదాన్ని, నాది నొప్పిపుడితే ఆమె అందుకునేది. ఇల్లందు దాటామో లేదో చెల్లె ఒంట్లో ఒక్క కదలికా లేకుండా పోయింది. గిచ్చితే చలనం లేదు. సిస్టరమ్మ కంట్లోకి టార్చి వేసింది, కంటిపాప పెద్దదై అట్లాగే ఉండిపోయింది. అది చూసి మా అత్త గుండెలు బాదుకుంది.

"నా కొడుకు బతుకు ఆగమాయె. పాలు తాగే పిల్లను ఎవలు సాకుతరు? దాని చెల్లెనన్న ఇయ్యమని అడిగి చూడాలె" అని ఏడుస్తూనే అనేసింది.

డ్రైవరు జీపు పక్కకు తీసి ఆపాడు. "పానం లేని మనిషిని తీస్కపోతే నా మీద కేసయితది" అన్నాడు. అప్పుడు మా మరిది, అంతసేపూ మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నవాడు, తల ఎత్తకుండానే అన్నాడు.

"ఇంక ఎందుకు? బండి తిప్పు. ఇంటికి తీస్కపోదాం."

సిస్టరమ్మ చేయి మాత్రం ఆగలేదు. "గుండె కొట్టుకుంటాంది. నేను చెయ్యి తీస్తే అప్పుడు పోతది, అది మీరు చేస్తరా?" అంది. బతుకుతుందా అని నేను అడిగితే, "నాకు తెల్వదు. కొట్టుకుంటాంది, గంతే తెల్సు" అంది. డ్రైవరు ఏదో గొణుక్కుంటూ గేరు వేశాడు. సగం తెరిచి ఉన్న కళ్లు ఎండిపోతాయని సిస్టరమ్మ చెబితే నా కొంగు తడిపి చెల్లె కళ్ల మీద కప్పాను.

ఖమ్మంలో మిషను పెట్టారు. రోజులు గడిచాయి. ఊర్లో మావాళ్లు ఇల్లు దులిపితే వడ్ల బస్తాల కింద నల్లటి ఒంటి మీద తెల్ల కట్లతో అది కనిపించిందని కబురొచ్చింది. ఒక ఉదయం చెల్లె బొటనవేలు కదిలింది. తర్వాత రెప్పలు. తర్వాత, చాలా ఆలస్యంగా, గొంతు. ఇంటికి తెచ్చిన రోజు ఊరంతా చూడటానికి వచ్చింది.

అక్కడినుంచి మా మరిదికి ఆ కథ చెప్పడం ఒక వ్యసనమైంది. ఎవరొచ్చినా చెప్పేవాడు. అందరూ పోయిందన్నా తాను ఆశ వదులుకోలేదని, పోనియ్యి పోనియ్యి అని డ్రైవరును తొందరపెట్టానని చెప్పేవాడు. అతను అబద్ధం చెబుతున్నట్టు ఉండేది కాదు. నిజంగానే అట్లా జరిగిందని నమ్మినట్టు కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. చెల్లె పక్కనే కూర్చుని పిల్లకు పాలిస్తూ వినేది. మాటలు బాగా తగ్గాయి ఆమెకు. ఒంట్లో ఇంకా నీరసం పోలేదనుకున్నాను. నిద్రపోయేటప్పుడు ముఖం మీద దుప్పటి అంచు పడినా ఉలిక్కిపడి లాగేసేది. పండుకున్న మనిషి దగ్గర ఎవరైనా గుసగుసలాడితే లేచి బయటికి వెళ్లిపోయేది.

మిరపకాయ ఏరేటప్పుడు ఒకరోజు, పక్క సాలులో ఉన్న నాతో, తల వంచుకునే చెప్పింది. మొత్తం చెప్పింది. డ్రైవరు మాట, అత్త మాట, బండి తిప్పమన్న మాట, ఏదీ పొల్లుపోకుండా, ఎవరి గొంతు ఎట్లా ఉందో అట్లాగే.

"అన్నీ ఇనపడ్డయక్కా. అరుద్దామంటే నోరు నాది కాదు, వేలు నాది కాదు. అప్పటిదాంక జీపు కప్పు, చెట్ల సందుల ఎలుతురు జరంత కనబడుతుండె. నువ్వు కండ్ల మీద బట్ట కప్పినవ్. అక్క గూడ ఇడిసిపెట్టిందనుకున్న."

కళ్లు ఎండకుండా కప్పానే చెల్లె అన్నాను. తెలుసక్కా, తర్వాత తెలిసింది అంది. కానీ తర్వాత తెలియడం వేరు. ఆ చీకట్లో ఆమె ఒక్కతే ఉన్న ఆ సేపు వేరు. అది నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ ఏడు చేను పనులయ్యాక చండ్రుగొండ నుంచి చుట్టాలొచ్చారు. మా మరిది మళ్లీ మొదలుపెట్టాడు. పోనియ్యి పోనియ్యి అన్నానని చెప్పేచోటికి వచ్చేసరికి, అన్నం వడ్డిస్తున్న చెల్లె గరిట పళ్లెం మీదే ఆపి, "నువ్వన్నది గది కాదు" అంది. అంతే. గొంతు కూడా పెంచలేదు. అతను ఆమె వైపు చూశాడు, చూస్తూనే అతని ముఖం తెల్లబోయింది. చెయ్యి కడుక్కుని కొట్టం వైపు వెళ్లిపోయాడు.

కొంతసేపటికి నన్ను పిలిచి, "వదినా, నిజం చెప్పు, నేనప్పుడు ఏమన్న?" అని అడిగాడు. చెప్పాను. ఎద్దును కట్టేసే గుంజకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ఖమ్మంలో ప్రాణం పోతే కోసి చూస్తారని, కుట్లేసి ఇస్తారని బయల్దేరేటప్పుడు ఎవరో సర్కారు దవాఖానా గేటు దగ్గర అన్నారట. ఎట్లాగూ పోయిందనుకున్నాడు, దాన్ని కోయనియ్యొద్దు, నిండు మనిషిలా ఇంటికి తీసుకుపోదాం అనుకున్నాడు. "గదొక్కటే మనసుల ఉండె వదినా. దాన్ని కోస్తరన్న భయం" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

మర్నాడు చెల్లెకు ఆ మాట చేరవేశాను. చేటలో బియ్యం ఏరుతోంది. చేయి ఆగింది.

"గట్లనా" అంది. బియ్యంలోంచి ఒక రాయి ఏరి పారేసింది. "ఆ ముక్క గూడ అప్పుడే అనుంటే ఇనేదాన్ని గద అక్కా."

వాళ్లిద్దరూ విడిపోలేదు, పోట్లాడుకోలేదు. పిల్లను పెంచారు, పెళ్లి చేశారు. అతను ఆ కథ మళ్లీ ఎవరికీ చెప్పలేదు. జ్వరంతో ఆమె పడుకుంటే మాత్రం అతను పక్కన కూర్చుని, నిద్రపోతోందో లేదో చూడకుండా, పొలం సంగతులు, బర్రె సంగతులు ఏవేవో పైకి చెబుతూ ఉండేవాడు. మా అత్త పోయేదాకా చిన్నకోడలి ముందు గొంతెత్తలేదు.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు, వడ్ల బస్తాలు కల్లంలోంచే మార్కెట్టుకు పోతున్నాయి, ఫోను చేస్తే బండి వాకిట్లోకి వస్తుంది, అందులో ఊపిరాడించే మిషను ఉంటుంది. మనుషుల చేతులతో పని లేదు. ఇంటివాళ్లను అద్దాల తలుపు బయటే ఆపేస్తారు, లోపల ఉన్నవాళ్లు ఏం వింటున్నారో ఎవరికీ తెలియదు. ఇది మంచి కాలమే, కాదనను. ఎంతమంది ఆడవాళ్లు బతికి ఇంటికొస్తున్నారు!

ఆ మధ్య చెల్లెను అడిగాను, ఖమ్మంలో మిషను మీద ఉన్న రోజులు గుర్తున్నాయా అని. తల ఊపింది.

"ఆడ మాటలే లేకుండె అక్కా. మిషను సప్పుడొక్కటే. జీపులనే నయముండె. ఏమన్నా, ఏడ్చినా, మనోళ్లు."