కింది ఇంటి కప్పు

అపార్ట్‌మెంట్‌లో అందరూ ఆమెను డ్రమ్ములక్క అనేవారు. ప్రకటనలకూ, కొత్త గాయకుల పాటలకూ ఇంట్లోనే డ్రమ్స్ వాయించి, రికార్డు చేసి పంపడం ఆమె జీవనం. పడగ్గదిలో మంచం తీసేసి అసలు సిసలు డ్రమ్ములు పెట్టుకుంది. గోడలకు పాత పరుపులు కొట్టించింది కాబట్టి చిటుక్కుమన్న చప్పుడు కూడా బయటికి పోదని ఆమె ధీమా.

కింది ఫ్లాట్‌లో ఒక బస్సు డ్రైవరు, వాళ్ళమ్మ ఉండేవారు. అతను తెల్లవారుజామునే డ్యూటీకెక్కి మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. ఒకసారి లిఫ్టులో నసుగుతూ మాట కదిపాడు.

"అక్కా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించుకునే ఎలక్ట్రానిక్ డ్రమ్స్ ఉంటాయంట కదా?"

"ఉంటాయి, పిల్లలాడుకోడానికి. నీ చేతికి బొమ్మ బస్సిస్తే డ్యూటీ చేస్తావా?"

లిఫ్టులో ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. అతనూ నవ్వాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఓ మధ్యాహ్నం ఆరేసిన తువ్వాలు ఎగిరి కింది బాల్కనీలో పడింది. తెచ్చుకుందామని వెళితే, డ్రైవరు తల్లి నోటి మీద వేలుంచి తలుపు తీసింది. వంటింట్లో గ్యాస్ బండ పక్కన, చెవుల్లో దూది కుక్కుకుని, కాళ్ళు ముడుచుకుని అతను పడుకుని ఉన్నాడు.

"అక్కడ పడుకున్నాడేంటండీ?"

"మీ డ్రమ్ములు మా పడగ్గది మీదే కదమ్మా. ఇక్కడైతే కాస్త నయం. మీ పొట్టకూటి పని, కాదనగలమా? మొన్న బస్సు నడుపుతుంటే కునుకొచ్చిందన్నాడు. అదే నా భయం."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. తువ్వాలు సంగతే మరిచి పైకొచ్చేసింది.

ఆ వారమే ఎలక్ట్రానిక్ డ్రమ్స్ కొంది. ఇత్తడి సింబల్‌కు కర్ర తగలగానే గదంతా పాకే ఆ కంపనం రబ్బరు పళ్ళేలకెక్కడిది? మనసొప్పలేదు. కానీ సంగీత దర్శకుడు తేడా కనిపెట్టకపోగా, "ఈసారి శుభ్రంగా వచ్చిందే" అన్నాడు. ఇన్నాళ్ళ పంతం దేనికోసమో అనిపించి మరింత చిన్నబోయింది.

ఈ కబురైనా చెప్పి మొహం చూపించుకుందామని, చూడ్డానికొచ్చిన తన తమ్ముణ్ణి పైన వాయించమని కిందికి దిగింది. "ఇక చప్పుడే ఉండదు, వినండి" అంది కాస్త గొప్పగానే. ముగ్గురూ తలలెత్తి కప్పు వైపు చూశారు.

దబ్. దబ్. దబ్.

తమ్ముడు పెడల్ తొక్కినప్పుడల్లా కాలి దెబ్బ నేలలోంచి దిగి రోకటి పోటులా వినిపిస్తోంది.

"ఫర్వాలేదక్కా, ముందుకంటే చాలా నయం" అన్నాడు డ్రైవరు గబగబా.

తిట్టినా బాగుండేది. "ఇంత చప్పుడుంటే ఒక్క మాట చెప్పొచ్చు కదయ్యా?" అనేసింది. అన్నాకగాని గుర్తు రాలేదు, అతను చెప్పబోయాడని. అతను మాత్రం ఆ మాట ఎత్తకుండా, "మంచినీళ్ళిమ్మంటారా అక్కా?" అన్నాడు.

"ఆరోజు లిఫ్టులో నేనన్నది తప్పు. ఏమీ అనుకోకు" అంది గోడ వైపు చూస్తూ.

డ్రమ్ములకు చెక్క పీట చేయించి, దాని కింద మందపాటి రబ్బరు పరిస్తే ఆ దెబ్బ సగం తగ్గింది. మిగిలిన సగానికి వేరే దారిలేక, అతని డ్యూటీ వేళలు కనుక్కుని, బస్సు రోడ్డు మీదుండగానే వాయించడం మొదలుపెట్టింది. అతని సెలవునాడు అర్జెంటు పాటలొస్తే వదులుకుంది. అయినా మెట్ల మీద ఎదురై అతను "బాగున్నారా అక్కా" అని పలకరిస్తే, ఆమె తల దించుకుని గబగబా మెట్లెక్కేసేది.