బోణీకి ముందు వేలాడిన స్తంభం

మా అక్క మొగుడు నా సిలోను ప్రయాణాన్ని కాజేసినాడు. ఇన్నేండ్లయినా ఆ కక్ష చల్లారలేదు. చల్లారబోయినప్పుడల్లా ఊది రాజేసుకున్నది కూడా నేనే.

హిందూపురంలో మాది పట్టుచీరల అంగడి. ధర్మవరం మగ్గం మీంచి దిగిన చీరను పరుపు మీద పరిచినానంటే, వద్దని లేచిపోయే ఆడమనిషిని కూడా గడప దగ్గరనుంచి వెనక్కు పిలిచి కొనిపించేవాణ్ణి. అదే గడప నేను దాటితే మాత్రం నా నాలుక అంగట్లోనే ఉండిపోతుంది. అట్లాంటివాడికి, ధనుష్కోడి నుంచి పడవలు నడిచే కాలంలో, సముద్రం దాటి రావాలని బుద్ధి పుట్టింది. ఒంటరిగా పోయినా. కాండీ హోటల్లో సర్వరు వచ్చి ఎదురుగా నిలబడితే, ఏముందని అడిగేదానికి సిగ్గేసి లేచొచ్చేసి, వీధిలో అరటిపండ్లు తిన్నా. బండి దగ్గరైతే వేలు చూపిస్తే చాలు. బేరం కూడా ఆడలేదు. మా వంశంలో ఆ పాపం నాతోనే మొదలు.

అనురాధపురంలో సిగ్గుతో పని పడలేదు. ఆ ఊర్లో మనుషులు తక్కువ, రాళ్ళు ఎక్కువ. కప్పు లేని రాతి స్తంభాలు, పందిరి పీకేసినాక మిగిలిన గుంజల మాదిరి బారులు తీరి ఉండాయి. వాటి మధ్య కూచుంటే పెనుకొండ గుర్తొచ్చింది. హంపీ పాడైనాక రాజులు వచ్చి తలదాచుకున్న కోట. ఇప్పుడు మేకలు తలదాచుకుంటాయి. రాజులు పోతా పోతా కప్పు తీసుకుపోతారేమో, బరువని స్తంభాలు వదిలిపోతారేమో అనుకున్నా. నా బతుకు మొత్తంలో నాకు తోచిన మంచి మాట అదొక్కటే.

తిరిగొచ్చి దాన్నీ, అరటిపండ్ల సంగతినీ బావకొక్కడికే చెప్పినా. బావది పెనుకొండ. గొంతు మాత్రం తాలూకా అంతటికీ సరిపోతుంది.

కొన్నాళ్ళకే మా అంగట్లో, మా పరుపు మీద, నా ఎదురుగానే గిరాకీలకు చెప్తాండాడు: "రాజులు కప్పు తీసుకుపోతారప్పా, స్తంభాలు వదిలిపోతారు." సిలోను పోయినోడు తానే అన్నట్టు కండ్లు అరమూసుకొని మరీ. నా వంతుకు అరటిపండ్లు మిగిలినాయి.

"మా బామ్మర్ది ఉండాడే, సముద్రం దాటిపోయి అరటిపండ్లు తినొచ్చినాడబ్బా! మన సంతలో దొరకవని!"

అందరూ నవ్విరి. చీరలు మడతేస్తా నేనూ నవ్వినా. నవ్వుతానే అనుకున్నా: ఈయన నోటితోనే ఈయన్ను పడగొట్టల్ల, నా సిలోను నేను తెచ్చుకోవల్ల.

"బావా, ఒకటి చెప్పడం మర్చిపోయినా," అన్నా ఒకరోజు. "లేపాక్షిలో మాదిరి నేలకానని స్తంభం అనురాధపురంలోనూ ఉండాది. కింద గుడ్డ దూరిస్తే ఆపక్క వస్తాది."

"అబ్బా! మన పక్క శిల్పులే పోయి చెక్కింటారు!"

"అంతే అయ్యుంటాది బావా." నా అబద్ధానికి మెరుగు ఆయనే పెట్టుకున్నాడు.

కొలంబోలో జవుళి అంగడి ఉన్న పెద్దాయన ఒకరు, ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి, ఏడాదికోసారి మా దగ్గరికి చీరలకు వచ్చేవాడు. ఆయన వచ్చే రోజు చూసి, పొద్దున్నే రమ్మని బావకు కబురు పెట్టినా. ఆ వేళకైతే పక్క అంగళ్ళవాళ్ళంతా ఖాళీగా ఉంటారు, చూసి నవ్వేదానికి.

బావ వచ్చినాడు, కూచున్నాడు, స్తంభాన్ని నిలబెట్టినాడు. నేను అమాయకంగా పెద్దాయన పక్క తిరిగినా. "సామీ, మీరుండేది ఆ దేశంలోనే కదా. ఆ స్తంభం ఉండాదా, లేదా?"

గల్లాపెట్టె దగ్గరనుంచి మా నాయన ఉరిమి చూసె. అప్పుడు తెలిసింది నేను చేసిన పని. బోణీ కాకముందు మా బజారులో 'లేదు' అనే మాట ఎవరూ పలకరు. సరుకు అయిపోతే నిండుకుందంటాం. గిరాకీ కూడా వద్దనుకుంటే మళ్ళా వస్తానంటాడు. నేను ఆ మాట అననే అంటి, ఆయన నోట కూడా అదే రావాలని కూచుంటి.

పెద్దాయన దీపం పక్క చూసినాడు, ఇంకా విప్పని చీరల మూట పక్క చూసినాడు, నాయన మొహం చూసినాడు.

"ఉండాదప్పా. మా ఇంటామె చీర కొంగు దూర్చి నేనే చూసినా."

పక్క అంగళ్ళవాళ్ళంతా అబ్బా అనిరి. బావ తొడ మీద చరుచుకున్నాడు. "చూస్తివా బామ్మర్దీ? నీకు పోయినచోటంతా అరటిపండ్లే కనపడె!"

చీరలు కొన్నాక, గడప దగ్గర పెద్దాయన నా చెవిలో అన్నాడు: "అట్లాంటి స్తంభమేదీ లేదు నాయనా. బోణీ కాకుండానే ఆ మాట నన్నడుగుతావా? నువ్వూ అంగట్లో పుట్టినోడివే కదా!"

అప్పటికే బావ పెనుకొండ బస్సెక్కినాడు, స్తంభాన్ని కూడా ఎక్కించుకొని. అది నాకన్నా ఎక్కువ ఊర్లు తిరిగింది. ధర్మవరంలో మగ్గాల దగ్గర విన్నా. లేపాక్షికి పోతే ఆడ కూడా ఎవరో చెప్తాండారు, దీని జత సిలోనులో ఉండాదని. హంపీ నుంచి పెనుకొండకు వచ్చిన కథల్లో బోణీకి ముందు చెప్పినవి ఎన్నో, పాపం, మనకేం తెలుసు.

బావకు ఇప్పుడు చూపు ఆనదు. ఏదైనా మా అక్క చదివి వినిపిస్తుంది, ఇది కూడా. అక్కా, ఈడనుంచి గట్టిగా చదువు, పక్కింటోళ్ళకు వినపడేటట్టు. బావా, ఆ స్తంభం లేదు. యాడా లేదు. రాజుల కప్పు మాట నాది. బోణీ ఎప్పుడో అయిపోయింది.