కొలిచారా, సారూ?

డాన్ తసియానో కొలవకుండా దేన్నీ నమ్మడు. ఆయన గురించి తెలుసుకోవలసింది ఇంతే. ఆయన తెచ్చుకున్న తగాదాలన్నీ ఇందులోంచి పుట్టినవే.

వృత్తికి దర్జీ. డాన్ అనేది మేం పెద్దవాళ్ళకి మర్యాదగా తగిలించే మాట. మా ఊరు ఇతాకువాలో ఆయన కొట్టూ నా మంగలి షాపూ ఒకే గోడకి అటూ ఇటూ ఉన్నాయి కాబట్టి, ఇరవై రెండేళ్ళుగా ఆయన్ని భరించిన ఘనత నాది. ఎండ నలభై డిగ్రీలుందట అంటే "ఎవరు కొలిచారు?" అంటాడు. మనవడు ఎంత ఎదిగాడో అని ఎవరైనా మురిసిపోతే, వాణ్ణి గోడకి నిలబెట్టి టేపు పెట్టి "వీడు ఎదగలేదు, వీడి జుట్టు ఎదిగింది" అని తేల్చి నా దగ్గరికి పంపిస్తాడు. ఆ రకంగా నాకు కొంత బేరం కూడా వచ్చేది.

ఆయన పనికి ఇంకో గుర్తు ఉంది. ఎప్పుడో దివాలా తీసిన దుకాణంలో పెట్టెడు ఆకుపచ్చ దారం చవగ్గా కొన్నాడు. అది ఇప్పటికీ అయిపోలేదు. ఫాదర్ గారి నల్ల అంగీ అయినా, పెళ్ళికూతురి తెల్ల గౌను అయినా లోపలి కుట్టు మాత్రం ఆకుపచ్చే. ఊరందరి అంచులూ తిరగేస్తే చిన్న సైజు పచ్చిక మైదానం కనిపిస్తుంది.

అలాంటి మనిషి ఉన్న ఊళ్ళో జనహృదయం పార్టీ తరఫున మేయర్ పదవికి విల్ఫ్రిదో కన్యేతె నిలబడ్డాడు. కనిపించినవాళ్ళందర్నీ కావలించుకునేవాడు, ప్రతి సభలోనూ సరిగ్గా పదో నిమిషంలో ఏడ్చేవాడు. గోడలన్నిటి మీదా ఆయన నినాదం పసుపు రంగులో రాశారు: "మీ కొలతకు సరిపోయిన నాయకుడు!"

అది చదివి డాన్ తసియానో రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

అసలు గొడవ ఊరి మధ్య చౌకు గురించి. కన్యేతె గెలిస్తే పాటకి తగ్గట్టు ఆడే నీటి ఫౌంటెన్ కట్టిస్తానన్నాడు. దానికోసం అక్కడ కూరలు అమ్ముకునే ఇరవై ఆరుమంది ఆడవాళ్ళూ లేచిపోవాలి. వాళ్ళకి పెద్దదిక్కు న్యా యూసెబియా, అంటే యూసెబియమ్మ గారు. ముప్ఫై ఏళ్ళుగా ఒకే రాయి మీద కూర్చుని కర్రపెండలం అమ్మే మనిషి. ఇంకెక్కడ కూర్చోవాలని అడిగితే, ముందు ఫౌంటెన్ రానివ్వమ్మా అన్నారట.

మర్నాడే డాన్ తసియానో చౌకులో మోకాళ్ళ మీద పాకుతూ కనిపించాడు. పోస్టరు ప్రకారం ఫౌంటెన్ వెడల్పు ముప్ఫై నాలుగు మీటర్లు. చౌకు ఇరవై రెండు. ఇక ఆగలేదు. ఇల్లిల్లూ తిరిగి, ఎవరు చల్లటి తెరెరే టీ ఇస్తే వాళ్ళ వాకిట్లో కూర్చుని అదే చెప్పాడు. ఎవరో కుర్రకారు "నీళ్ళు డాన్సు చేస్తాయంట బాబాయ్" అంటే, "వారానికి మూడు రోజులు కొళాయిలోకి నడిచి రాలేని నీళ్ళు డాన్సేం చేస్తాయిరా?" అన్నాడు.

అంతటితో సరిపెట్టుకుంటే డాన్ తసియానో ఎందుకవుతాడు? కిందటిసారి అదే పార్టీవాళ్ళు వేయించిన నాలుగు కిలోమీటర్ల రోడ్డుని తన మీటరున్నర టేపుతో కొలవడం మొదలుపెట్టాడు. రెండో రోజు కుక్క వెంటపడితే లెక్క మరిచిపోయి మళ్ళీ మొదటినుంచి కొలిచాడు. తేలింది రెండు కిలోమీటర్ల మూడొందల పది మీటర్లు. మిగతాది ఎక్కడుందని పార్టీ ఆఫీసుకి వెళ్ళి అడిగాడు. అక్కడ కూడా కావలించుకుని పంపించారు.

అప్పుడు వచ్చాయి తెల్లకోట్లు. బడిపిల్లలు బట్టల మీద తొడుక్కునేవి, పార్టీ తరఫున రెండొందలు ఉచితం. అన్నీ ఒకే సైజు. ఆరేళ్ళ పిల్ల వేసుకుంటే నేల ఊడ్చేది, పన్నెండేళ్ళవాడు వేసుకుంటే మోచేతుల దగ్గర ఆగిపోయేది. డాన్ తసియానో పండగ చేసుకున్నాడు. "శనివారం సభలో పిల్లల్ని వరసగా నిలబెడతారట. అందరూ వచ్చి మీ కళ్ళతో చూడండి. పిల్లల్ని కొలవనివాడు చౌకుని కొలుస్తాడా?" అని కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు.

శనివారం పొద్దున్న ఊరంతా వచ్చింది. పిల్లలు వేదిక ఎక్కారు. ఒక్కొక్కరికీ కోటు అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

కన్యేతె ఆరో నిమిషంలోనే ఏడ్చేసి, "మన దర్జీగారు ఏదో అన్నారటగా, ఎక్కడున్నారు?" అన్నాడు. అందరూ నవ్వారు. డాన్ తసియానో టేపు చివర వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూస్తున్నాడు. పాపం ముసలాడు పనైపోయిందనుకున్నాను.

అప్పుడు న్యా యూసెబియా తాపీగా వేదికెక్కి, మనవరాలి కోటు అంచు తిరగేసి పట్టుకుంది. ఆకుపచ్చ దారం.

"మా పిల్ల ఒక్కదానికే చేశాననీ ఎవరికీ చెప్పొద్దనీ ఒట్టేయించుకున్నాడు" అంది.

"మా పిల్లాడి ఒక్కడికే అన్నాడే!" అంది కిందనుంచి ఇంకో తల్లి. తల్లులంతా ఎగబడి అంచులు తిరగేశారు. వేదిక పొడుగునా ఆకుపచ్చే. మూడు వారాలుగా నా మధ్యాహ్నం నిద్ర చెడగొట్టిన గోడవతలి మిషను చప్పుడు ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ మిషనుని నేను తిట్టని తిట్టు లేదు. సిగ్గుపడ్డాను.

న్యా యూసెబియా కన్యేతె వైపు తిరిగింది. "మీరిచ్చిన కోట్లు సరిచేసింది మిమ్మల్ని తిట్టినాయన, సారూ. సరే, ఇప్పుడు చెప్పండి. నేను కూర్చునే చౌకు, కొలిచారా?"

ఆయన ఆవిణ్ణి కావలించుకోబోయాడు. ఆవిడ పక్కకి జరిగింది.

"కొలిచారా?" అని వెనకనుంచి ఎవరో అందుకున్నారు. తర్వాత ఊరంతా అందుకుంది.

ఇంటికెళ్ళే దారిలో నేను ఉండబట్టలేక డాన్ తసియానోని అడిగాను. "సాక్ష్యం మొత్తం నీ చేత్తోనే కుట్టేసుకున్నావు కదయ్యా, బుద్ధుందా?"

"ఉంది. ఓట్లకింకా మూడు వారాలుందిగా" అన్నాడు. "అప్పటిదాకా ఆ ఆరేళ్ళ పిల్ల కోటు తట్టుకుని పడుతూ ఉండాలా?"

జనహృదయం పార్టీ నలభై ఒక్క ఓట్లతో ఓడిపోయింది. న్యా యూసెబియా రాయి మీద న్యా యూసెబియాయే ఉంది. గెలిచిన కొత్త మేయర్, మేము ఓటేసినవాడే, ప్రమాణానికి కోటు కుట్టించుకోవడానికి వచ్చాడు. డాన్ తసియానో ఆయన తెచ్చిన పాత కోటులో చెయ్యి పెట్టి, టేపు జారవిడిచి, చాలాసేపు చూశాడు.

"భుజాలు బాగానే ఉన్నాయి. జేబులే కొంచెం లోతు" అన్నాడు.

కొత్త కోటుకి జేబులు సగందాకా కుట్టేసి ఇచ్చాడు. ఏ రంగు దారంతోనో మీకు చెప్పక్కర్లేదు.