మాస్టారి ఇటుక

నూజివీడు హైస్కూలు సైన్సు మాస్టారు నారాయణరావుకు జీవితంలో ఒక్కటే కోరిక: తన పేరు అచ్చులో చూసుకోవాలి. పెళ్లి శుభలేఖలో చూసుకున్నాడు గానీ అది లెక్కలోకి రాదని ఆయనే అనేవాడు. అందులో ఇంటిపేరు తప్పు పడింది.

1960లో ఆ కోరిక తీరే దారి కనిపించింది. హైదరాబాదులోని జాతీయ ప్రయోగశాలవాళ్లు తక్కువ కట్టెలతో ఎక్కువ వేడినిచ్చే పొగరాని పొయ్యి ఒకటి తయారుచేశారు. ఊళ్లలో అదెలా మండుతుందో లెక్కలు తీసి పంపమని సైన్సు మాస్టర్ల సాయం అడిగారు. నారాయణరావు ఎగిరి గంతేశాడు. తన వంటింట్లోనే పొయ్యి కట్టించి, రోజూ పొద్దున్నే కట్టెలు తూచి భార్య సౌభాగ్యలక్ష్మికి అప్పగించేవాడు. సాయంత్రం మిగిలినవి తూచి పుస్తకంలో రాసుకునేవాడు. ఊరికే ఉండలేక పొగగొట్టం మీద ఒక ఇటుక అదనంగా పెట్టించాడు. ఎందుకని అడిగినవాళ్లకు గాలి బాగా లాగుతుందని చెప్పాడు. నిజానికి తాపీమేస్త్రీ దగ్గర ఒక ఇటుక మిగిలింది, అంతే.

మే నెలలో కట్టెల ఖర్చు సగానికి సగం పడిపోయింది. జూన్‌లో బడి తెరిచేసరికి ప్రయోగశాల నుంచి శారదగారనే శాస్త్రవేత్త ఉత్తరం రాశారు: "మీ పొయ్యి మా పొయ్యికంటే రెండింతలు మెరుగ్గా పనిచేస్తోంది. ఇంకో వారం చూసి ఖాయం చేయండి. కారణం తేలితే మీ పేరుతోనే రిపోర్టులో వేస్తాం."

ఇంకేముంది! స్టాఫ్ రూములో బల్ల మీద సుద్దముక్కతో ఇటుక బొమ్మ గీశాడు. డ్రిల్లు మాస్టారు గంగరాజు "ఒక్క ఇటుకకే ఇంతుందా అండీ?" అన్నాడు.

"ఆపిల్ పండు మాత్రం ఒక్కటేగా పడింది!" అన్నాడు నారాయణరావు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా తర్వాత చాలా ఏళ్లు ఆయన చెవులు వేడెక్కేవి.

ఆదివారం పొద్దున పుస్తకం పట్టుకుని వంటింట్లో పీట వేసుకు కూర్చున్నాడు. ఎసరు మరుగుతోంది. సౌభాగ్యలక్ష్మి మాట్లాడుతూనే గోనెసంచిలో చెయ్యిపెట్టి గుప్పెడు ఎండు మామిడి టెంకలు పొయ్యిలో పడేసింది.

"ఏంటే అది?"

"ఏదండీ?"

"ఇప్పుడు పొయ్యిలో వేసింది!"

"టెంకలండీ. ఏటా మామిడిపళ్ల కాలంలో వేస్తూనే ఉంటాగా."

"నేనిచ్చిన కట్టెలే కాల్చమన్నానా లేదా?"

"అవే కాలుస్తున్నాను. పైన ఒక్క పుల్ల ముట్టుకుంటే ఒట్టు! టెంక కట్టె ఎలా అవుతుందండీ? పారేసేదేగా!"

నారాయణరావు తిట్టబోయి ఆగాడు. రోజుకు ఆరు రసాలు జుర్రి ఆ టెంకల్ని పెరట్లో ఎండలోకి విసిరింది తనే. మండేదల్లా ఇంధనమేనని పన్నెండేళ్లుగా పిల్లలకు పాఠం చెప్పిందీ తనే.

మధ్యాహ్నం ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. అంతా ఇటుక మహిమేనని రాస్తే సరి. హైదరాబాదు నుంచి ఎవరొచ్చి గోనెసంచి చూస్తారు? రాశాడు కూడా. సంతకం పెట్టబోతుంటే వంటింట్లో ఇంకో గుప్పెడు పడిన చప్పుడైంది. ఛీ అనుకుని చింపేశాడు. టెంకల సంగతి, అది ఎవరివల్ల తెలిసిందో పేరుతో సహా రాసి, పోస్టు చేసి వచ్చి, అన్నం తినకుండా పడుకున్నాడు.

రెండేళ్లకు ఇంగ్లీషులో అచ్చయిన రిపోర్టు వచ్చింది. అందులో మామిడి టెంకల వేడి గురించి ఏకంగా రెండు పేజీలున్నాయి. కృతజ్ఞతల్లో 'శ్రీమతి సౌభాగ్యలక్ష్మి, నూజివీడు' అని ఉంది. ఆయన పైకి చదివి వినిపించాడు.

"ఊరుకోండి, మీకన్నీ వేళాకోళాలే!" అని నవ్వేసింది సౌభాగ్యలక్ష్మి. "ఇంతకీ మీ పేరేదండీ?"

పేజీలన్నీ తిరగేశాడు. ఒకచోట అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: పరిశీలకుని పొరపాటు వల్ల నూజివీడు తొలి లెక్కలు వదిలివేయడమైనది.

"ఇదిగో" అని అక్కడ వేలు పెట్టాడు.

ఇంగ్లీషు రాని సౌభాగ్యలక్ష్మి చెంగుతో చేతులు తుడుచుకుంది. ఆ వాక్యం మీద వేళ్లు ఆనించి కళ్లకద్దుకుంది.

ఇటుక కథ నారాయణరావు ఊరంతా చెప్పి నవ్వించేవాడు. ఇక్కడి దాకా మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.