నంబరు వేసిన వాలుగలు

మృగశిర కార్తె చొచ్చిన రోజు, ఆదివారం, పొద్దు బారెడు పైకెక్కిన వేళ. మా ఇంట్లో గడియారం లేదు గానీ వేళ మాత్రం గట్టిగా చెప్పగలను. వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తుంటే ఎండ అప్పుడే నా మోకాళ్ల మీదికి వచ్చింది, లోపల మా అత్త పొయ్యి మీద చింతపండు పులుసు పెట్టి ముక్కలింకా రాలేదని సణుగుతోంది. ఎప్పుడో నా పడుచుతనంలో దాటిపోయిన ఆ పొద్దును ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మొన్న మధ్యాహ్నం మా మనుమరాలు టీవీలో ఏదో పెట్టింది. భూమికి దక్షిణపు కొసన అంతా మంచేనట. నల్లకోటు తొడుక్కున్నట్లుండే పక్షులు అక్కడ రొమ్ము విరుచుకుని నడుస్తున్నాయి. చదువుకున్న వాళ్లు ఎముకలు కొరికే చలిలో బోర్లా పడుకుని ఆ పక్షులను పట్టి రెక్కలకు నంబరు బిళ్లలు కడుతున్నారు. ఏది ఎంత దూరం పోయి మేసి వస్తుందో చూసి, అక్కడి సముద్రంలో ఓడలు తోడుకుపోయే చిట్టి రొయ్యల్లో వాటి వంతు ఎంత వదలాలో దాన్నిబట్టి తేలుస్తారట. మనుమరాలు సంబరంగా చెబుతోంది, నేను ఆ బిళ్లలనే చూస్తున్నాను.

"ఏందవ్వా, గట్ల గుడ్లప్పగిచ్చి చూస్తున్నవ్?" అంది. అలాంటి బిళ్లలు ఏడు ఒకప్పుడు నా రొండిన దోపుకున్న దాన్ని.

నా ఈడు వాళ్లకు చెబుతున్నాను, మీకైతే అర్థమవుతుంది. యాభై దాటాక పలక పట్టిన చెయ్యి నాది, వాక్యం ఎక్కడైనా వంకరపోతే సర్దుకుని చదవండి. ఆత్మకూరు నుంచి కృష్ణ వైపు దిగి, నదిలో కలిసే ఒక వాగును పట్టుకుని మళ్లీ పైకి నడిస్తే మా అత్తగారి ఊరు. మాది చేపలు పట్టి బతికే ఇల్లు. తొలకరికి వాగు ఎర్రగా దిగగానే నదిలోని వాలుగలు ఆ కొత్త నీళ్ల వాసన పట్టి, కడుపు నిండా గుడ్లతో ఎదురెక్కి మా ఊరు దాటి, పైన చెరువుల నీళ్లు పారే మళ్ల దాకా పోయి గుడ్లు పెట్టేవి. మావాళ్లు వాగుకు అడ్డంగా వెదురు తడికలతో దడి కట్టి సందుల్లో బుట్టలు పెట్టేవాళ్లు గానీ, దడి చివరన మనిషి దూరేంత జాగా ఎప్పుడూ ఖాళీగా వదిలేవాళ్లు. అది గంగమ్మ వాటా. అక్కడ బుట్ట పెట్టినవాణ్ని కులంలో నుంచి వెలేసేవాళ్లని మా మామ చెప్పేవాడు. మంచుదేశం పక్షుల వంతు గురించి మనుమరాలు చెబుతుంటే నాకు కొత్తగా ఏమీ అనిపించలేదంటే అందుకే.

నాకు పెళ్లయి రెండేళ్లు. ఊరికి దిగువన వాగుకు అడ్డంగా సర్కారు ఒక కట్ట కడుతుందని, కొలతలు అయిపోయాయని మాట వచ్చింది. పొలాలున్న వాళ్లు సంబరపడ్డారు, మా ఇంట్లో మాత్రం ఎవరికీ కూడు సహించలేదు. ఆ చలికాలంలోనే చేపల ఆఫీసరు ఒకాయన వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, సన్నగా, మెడకు మఫ్లరు చుట్టుకుని ఉండేవాడు. వాగు కృష్ణలో కలిసే చోట డేరా వేసుకుని, బతికిన వాలుగలను వలవాళ్ల దగ్గర తీసుకుని, వీపు రెక్క మొదట్లో చిన్న రేకు బిళ్ల తీగతో కట్టి మళ్లీ నీళ్లలో వదిలేవాడు. రోజంతా చేపల పొట్టలు కోసి గుడ్లు చూసి రాసుకునేవాడు, తాను మాత్రం చేప ముట్టడు, ముట్టని కులం. "తిననోనికి చేపల ముచ్చట్లెందుకో! ముంజెలు తిననోడు తాడెక్కినట్లు" అని మా అత్త నవ్వేది.

ఆయన మా ఊరికి కూడా వచ్చి చావడి దగ్గర అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. కట్ట కట్టక మానరు, అది తన చేతిలో లేదు. కానీ నదిలో కట్టిన బిళ్ల వాగు పైన మీ ఊళ్లో దొరికితే, ఈ చేప ఇంత దూరం ఎక్కుతుందని రుజువవుతుంది. ఆ రుజువు పెట్టి కట్ట పక్కన చేపలకు మెట్ల దారి వదలమని అడుగుతాను అన్నాడు. మాట సూటిగానే ఉంది. మావాళ్లు తలలూపి ఇంటికి వచ్చి ఒక్క ముక్క నమ్మలేదు.

ఎందుకు నమ్మలేదో నా ఈడు వాళ్లకు వేరే చెప్పాలా? ఆబ్కారీ వాళ్లు ఈత చెట్టుకూ తాటి చెట్టుకూ నంబరు వేసేవాళ్లు. నంబరు పడ్డ చెట్టు నీ పొలం గట్టున ఉన్నా నీది కాదు, గీస్తే జుల్మానా, ఎదురు మాట్లాడితే ఠాణా. చెట్టుకు నంబరు వేసిన సర్కారు చేపకు నంబరు వేసిందంటే ఇక వాగు కూడా పోయిందని మావాళ్ల లెక్క. బిళ్ల ఉన్న చేప మా బుట్టలో పడిందని ఒప్పుకోవడమంటే దొంగతనం ఒప్పుకోవడమే. "చెట్లకేసిన్రు, ఇగ చేపలకేసిన్రు, రేపు మన చెవులకు గూడ ఏస్తరు" అన్నాడు మా మామ.

ఆ ఏడు రోహిణి చివర్లోనే వాన పడి వాగు దిగింది. మూడు రోజుల్లో మా దడిలో బిళ్ల ఉన్న వాలుగలు ఆరు పడ్డాయి. చేపలు కోసేది నేనే కాబట్టి బిళ్లలు పీకి దాచే పని కూడా నాదే అయింది. మృగశిర పొద్దున ఇంకొకటి దొరికింది. ఆ రోజు చేప తినకపోతే ఏడాదంతా ఒంటికి మంచిది కాదని పాలమూరంతా పొయ్యి మీద పులుసు పెడుతుంది, ఏ ఇంటికి పోయినా కత్తిపీట ముందు చేప ఉంటుంది. ఆ సంగతి కనిపెట్టే ఆఫీసరు సరిగ్గా ఆ పూటే వచ్చాడు, వెంట ఒక జవాను.

"పెద్దాయనా, ఒక్క బిళ్ల చాలండి. మీ మీద కేసు లేదు, పన్ను లేదు. నా మాట నమ్మండి" అన్నాడు.

"బిళ్లలు మా ఆడోళ్ల మెడలకే దిక్కు లేవు సారూ, చేపలకేడికెళ్లి వస్తయి?" అన్నాడు మా మామ, ముఖం మీద వెంట్రుక కూడా కదలకుండా. నా పెనిమిటి ఆకాశంలో మబ్బు చూస్తున్నాడు, కాన్పుకు వచ్చిన నా ఆడబిడ్డ అరుగు మీద కూర్చుని వింటోంది.

అప్పుడాయన నా దగ్గరికి వచ్చి గొంతుకూర్చున్నాడు. వాలుగకు పొలుసు ఉండదు, బూడిద రాయకపోతే చేతిలో నిలవదు. నా చేతులు మోచేతుల దాకా బూడిద. ఆయన చేతులు చూశాను. ముళ్లు గుచ్చుకుని, తీగ కోసుకుని, పాత గాయాల మీద కొత్త గాయాలు. అబద్ధాలు చెప్పేవాడి చేతులు అలా ఉండవని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఇంకా కోయని చేపను ఆయన చేతిలోకి తీసుకుని వీపు రెక్క విడదీసి చూశాడు. తీగ పీకిన చోట పచ్చి రంధ్రం. దాన్ని చూశాడు, నన్ను చూశాడు, చేపను మెల్లగా గంపలో పెట్టేశాడు.

"అమ్మా, నంబరు లేకపోతే నేను రాయలేను. రంధ్రం చూశానంటే పైన నవ్వుతారు. నీకేమైనా దొరికిందా?"

బిళ్లలు రొండిన గుచ్చుకుంటున్నాయి. నేను మా మామ వైపు చూడలేదు, చూడనక్కర లేదు. తల అడ్డంగా ఊపాను. భయంతోనే ఊపాను, ఇంకే గొప్ప కారణమూ లేదు. పరాయి మగవాడి ముందు, మామ ముందు కోడలు నోరు విప్పని రోజులు అవి అని చెప్పి తప్పించుకోవచ్చు గానీ, బిళ్లలు తీసి ఆయన ముందు పెట్టడానికి నోటితో పనేముంది?

పండుగ పూట గడప దాకా వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపకూడదని మా అత్త మోదుగాకులో నాలుగు ముక్కలు కట్టి ఇచ్చింది. ఆయన దండం పెట్టాడు, జవాను తీసుకున్నాడు. మళ్లీ మా ఊరికి రాలేదు.

కట్ట లేచింది, దారి లేకుండానే లేచింది. వాగు పై భాగాన చేపలు ఎక్కిన దాఖలా లేదని కాగితం మీద రాశారని తరువాత పట్వారీ చెప్పాడు. మొదటి ఏడాది వాలుగలు వచ్చి కట్టకు మూతులు కొట్టుకుంటూ గుంపు కడితే ఊళ్లకు ఊళ్లు దిగి కర్రలతో బాది బండ్ల మీద వేసుకుపోయారు. అక్కడ గంగమ్మ వాటా అడిగినవాడు లేడు. రెండో ఏడు సగం కూడా రాలేదు. నాలుగో ఏడు మా మామ దడి కట్టడానికి పోయి మోకాలి లోతు నీళ్లలో రెండు రోజులు నిలబడి, తడికలు విప్పి తెచ్చి పొయ్యిలో పెట్టాడు. నా పెనిమిటి మేస్త్రీ వెంట పోయాడు. పాలమూరు కూలీలకు దొరికే పని ఏముంటుంది, ఎక్కడెక్కడి నదుల మీదో కట్టలు కట్టే పనే. నేనూ పోయాను, తట్టలు మోశాను.

చాలా ఏళ్లకు, వయోజన బడిలో అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక, వలసల్లో పోయినవి పోగా మిగిలిన ఒక్క బిళ్లను తీసి చదివాను. ఒక అంకె, దాని కింద 'దొరికితే తెలుపగలరు' అని. అంతే. పన్ను లేదు, జుల్మానా లేదు. తెలుపగలరు అంటే బతిమాలినట్లే కదా.

ఇచ్చినా పైవాళ్లు దారి వదిలేవాళ్లు కాదేమోనని చాలాసార్లు మనసుకు చెప్పుకున్నాను. అది నిజమేనేమో కూడా. కానీ అవునో కాదో తెలుసుకునే వీలు లేకుండా చేసింది నేనే. ఇప్పుడు మృగశిర వస్తే మా వీధి చివర ఐసు పెట్టెల్లో ఆంధ్రా చెరువుల చేప దిగుతుంది, జనం బారులు తీరి కొంటారు. వాలుగ ఎట్లుంటుందో మనుమరాలికి తెలియదు, వాగులో ఇసుక కూడా లేదు. మంచుదేశంలో చలిలో బోర్లా పడుకున్న ఆ చదువుకున్న పిల్లలను చూస్తే నాకు జాలే వేసింది. పక్షులు వాళ్ల మాట వింటాయి. బిళ్ల చేతికి దొరికిన నాలాంటి మనిషి వింటుందన్న ఆశ నాకు లేదు.

ఆ పొద్దున మా వాకిట్లో ఉన్నవాళ్లు వీళ్లు: అబద్ధం చెప్పిన మా మామ, ఆకులో ముక్కలు కట్టిన మా అత్త, మబ్బు చూస్తూ నిలబడ్డ నా పెనిమిటి, కాన్పుకు పుట్టింటికి వచ్చి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్న నా ఆడబిడ్డ, పొట్లం పట్టుకున్న జవాను, గుంటూరు వైపు ఆఫీసరు, రొండిన ఏడు బిళ్లలతో నేను.